ఉప్పునీళ్ల ట్యాంకులో ఎర్ర పాకుడు: గొట్టమా, చీకటా, మందా?

ఇంట్లో చేపలు, పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలో పొద్దున లైటు వెలిగేసరికి ఇసుక దాదాపు తెల్లగానే ఉంటుంది. మధ్యాహ్నానికి ఎరుపు తిరుగుతుంది. సాయంత్రానికి ముదురు ఎర్రటి పొర పరుచుకుని, దాని మీద సన్నటి గాలి బుడగలు నిలుస్తాయి. రాత్రి లైటు ఆర్పితే మళ్లీ పలచబడుతుంది. పాకుడు అని పిలుస్తాం గానీ ఇది నాచు కాదు, సయనోబాక్టీరియా, అంటే వెలుతురుతో ఆహారం తయారు చేసుకునే బాక్టీరియా. మేత డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే స్పైరులినా కూడా ఈ వంశందే. డబ్బిచ్చి కొంటే బలం, దానంతటదే మొలిస్తే పీడ!

ముందు మీ ట్యాంకులోది ఈ సయనోనో కాదో చూసుకోండి. కొత్త ట్యాంకులో గోధుమరంగు పొడిలా పడేవి డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు. చాలాసార్లు వాటంతటవే పోతాయి. చీమిడిలా తీగలు సాగేవి డైనోఫ్లాజెల్లేట్లు అనే మరో రకం సూక్ష్మజీవులు. వాటి వైద్యం వేరు. సయనో మాత్రం గొట్టంతో పీలిస్తే పాల మీది మీగడలా పొరపొరగా లేచొస్తుంది.

ఆ పీల్చడమే నా మొదటి ఓటు. సన్నటి గొట్టం, కింద బకెట్, అంతే. పొర బాగా పట్టి ఉండే సాయంత్రం పూట చేస్తే ఎక్కువ వస్తుంది. మా 200 లీటర్ల ట్యాంకులో ఒక విడతకు 20 లీటర్ల నీళ్లు పోతాయి, కొత్త ఉప్పునీళ్లు అంతే పోస్తాను. వారానికి రెండుసార్లు. విసుగు పుట్టే పని, మూడు రోజుల్లో మళ్లీ వస్తుంది కూడా. అందుకే దీనితో పాటు కారణాన్నీ పట్టుకోవాలి.

కారణాల్లో మొదట చూడాల్సింది నీటి కదలిక. పొర ఎప్పుడూ ఒకే మూల నుంచి మొదలవుతోందంటే అక్కడ నీళ్లు నిలబడిపోతున్నాయన్నమాట. పగడాలున్న ట్యాంకులో నీళ్లు గంటకు 20 సార్లయినా తిరగాలి, అంటే 200 లీటర్లకు గంటకు 4,000 లీటర్లు తోసే పవర్‌హెడ్ (ట్యాంకులో నీటిని తిప్పే పంపు). కొత్తది కొనేముందు ఉన్నదాని మూతి కాస్త తిప్పి చూడండి. రెండోది నీళ్లు. వంటింటి ఆర్వో రుచి కోసం కొంత టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఉంచేస్తుంది. తాగడానికి మంచిదే, ట్యాంకుకు చాలదు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గుండా నీళ్లు పోయి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. బోరునీళ్లు వాడే ఇళ్లలో ఆ రెసిన్ తొందరగా అయిపోతుంది, దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటుంది. పాకుడును పస్తు పెడదామని, దానికి ఎరువులా పనిచేసే నైట్రేట్‌ను సున్నాకు దించేస్తారు. కొన్ని రకాల సయనో నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువునే పట్టుకుని బతకగలవు. ఇంకో ఎరువైన ఫాస్ఫేట్ మిగిలి ఉంటే వాటికి పండగే, పస్తులుండేది పోటీకొచ్చే మిగతా జీవులు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నేను వాటి జోలికి పోను. ఫాస్ఫేట్ పెరగకుండా, గడ్డకట్టిన మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) మేతను కరిగించి, ఆ నీళ్లు పారబోసి వేస్తాను.

ఇక చీకటి. మూడు రోజులు లైటు ఆపి, ట్యాంకు చుట్టూ నల్లగుడ్డ కప్పేయడం. ఖర్చు లేదు, నాలుగో రోజు తెర తీస్తే కళ్లు చల్లబడతాయి. ఆరోగ్యంగా ఉన్న పగడాలు మూడు రోజుల చీకటికి ఓర్చుకుంటాయి, లైటు మాత్రం కొంచెం కొంచెంగా పెంచాలి. చిక్కల్లా ఆక్సిజన్‌తోనే. చచ్చిన పొర కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పీహెచ్ కూడా దిగుతుంది. అందుకే ముందే పీల్చినంత పీల్చేసి, ఏర్ పంపు పెట్టి కప్పండి. ఎలాగూ సంక్రాంతికి ఊరెళ్తున్నాం కదా, అప్పుడు కప్పేస్తే సరిపోతుందనుకోకండి. కరెంటు పోతే చూసే మనిషి ఇంట్లో ఉండాలి. కారణం అలాగే ఉంటే మళ్లీ వస్తుందనేది దీనికీ వర్తిస్తుంది.

మందు దగ్గరికొస్తే, సయనోను చంపడానికి అమ్మే కెమీక్లీన్ లాంటి పొడులు నిజంగానే పనిచేస్తాయి. 48 గంటలు ఏర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఆడుతూ ఉండాలి, ఫిల్టరులోని కార్బన్ తీసేయాలి, స్కిమ్మర్ (నురగతో మలినాలను తీసే యంత్రం) ఆపాలి. తర్వాత 20 శాతం నీళ్లు మార్చాలి. ఆపైన కొన్నాళ్లు స్కిమ్మర్ నురగలు కక్కుతూనే ఉంటుంది, పక్కన పాతగుడ్డ సిద్ధంగా పెట్టుకోండి. మెడికల్ షాపులో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చి నూరి వేసే పద్ధతికి మాత్రం నేను వ్యతిరేకిని. అది డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందు. అమోనియాను తినే మంచి బాక్టీరియాకూ దెబ్బ తగలొచ్చు, ఆ నీళ్లు చివరికి పోయేది మన మురుగుకాల్వలోకే.

పొడినైనా నేను ఒక్క సందర్భంలోనే తీస్తాను. రెండు నెలలు గొట్టం పట్టి, నీటి దారి మార్చి, రెసిన్ కొత్తది వేశాక కూడా పొర పగడాల మీదికి ఎక్కి ఊపిరాడనివ్వకపోతే. అప్పుడైనా ముందురోజు సాయంత్రం బకెట్ నిండా పీల్చి, పొడి వేశాక రెండు రోజులూ అమోనియా కొలుస్తూ ఉంటాను.