పద్మిని గేర్ లింకేజ్ కిట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉన్న ఫియట్, పద్మిని బండ్లు ఇంకా నడుపుతున్నవాళ్ల కోసం ఈ పోస్టు. "కంపెనీ పాత స్టాక్, సీలు కూడా విప్పలేదు" అంటూ వాట్సాప్‌లో గేర్ లింకేజ్ కిట్లు (గేరు రాడ్డు కదలికను గేర్‌బాక్స్ దాకా చేర్చే లింకుల సామాను) తెగ తిరుగుతున్నాయి. అలాంటి కిట్టు ఒకటి కొని మూడు వేల చిల్లర వదిలించుకున్నాను. పోయిన డబ్బు సంగతి సరే, ఆ సామాను వేసుకుని తిరిగితే నడిరోడ్డు మీద గేరు ఇరుక్కుంటుంది. అందుకే రాస్తున్నాను.

మాది 1980 మోడల్ పద్మిని, విజయవాడ బండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. అమ్మేవాళ్ల లెక్కలో మాత్రం 95 మోడల్ కూడా వింటేజే, ఎందుకంటే ఆ మాట పడగానే రేటు పెరుగుతుంది. మా బండికి రాడ్డు బాగా లూజైంది. న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తే జారి కిందికి వేలాడేది. ఇంజన్ ఆపి, ఒకరు లోపల రాడ్డు కదుపుతుంటే ఇంకొకరు కింద చూశాం. పైన రాడ్డు చాలా దూరం కదిలాక గానీ గేర్‌బాక్స్ దగ్గరి లింకు కదలట్లేదు. అంటే గేర్‌బాక్స్‌కి ఏ జబ్బూ లేదు, మధ్యలో లింకుల కీళ్ల దగ్గరి బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టాల్లాంటి ముక్కలు), పిన్నులు అరిగాయి. మా మెకానిక్ కూడా అదే అన్నాడు: "బాక్స్ దింపే పని లేదు సార్, లింకులు మార్చేస్తే చాలు."

కిట్టు వచ్చింది. పాత కంపెనీ పేరున్న అట్టపెట్టె, లోపల నూనె కాగితం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రబ్బరు బుష్‌లు మాత్రం గోరుతో నొక్కితే ఎండిన చింతగింజల్లా ఉన్నాయి, గోటి గుర్తు కూడా పడలేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "ఒరిజినల్ రబ్బరు అలాగే ఉంటుంది సార్, ఎక్కించాక సెట్ అవుతుంది" అన్నాడు. ఎక్కించాం. మొదట్లో బాగానే ఉన్నట్టు అనిపించింది. ఒక నెల కూడా గడవకముందే ఏలూరు రోడ్డు సాయంత్రం రద్దీలో మూడులోంచి రెండుకి తెస్తుంటే రాడ్డు బిగుసుకుపోయింది. అటు పోదు, ఇటు రాదు. వెనక ఆటోలవాళ్ల హారన్లు. బానెట్ ఎత్తి, కింద లింకుల్ని చేత్తో కదిపి న్యూట్రల్‌కి తెచ్చి కదిలాం. అంబాసిడర్, ఫియట్ డ్రైవర్లకు ఇది పాత విద్యే. అదే ఏ ఘాట్ రోడ్డు దిగుతుంటేనో జరిగితే? ఇంజన్ బ్రేక్ (చిన్న గేరులో ఇంజనే బండి వేగాన్ని ఆపి పట్టడం) ఉండదు, గేరు పడదు, భారమంతా కాలి కింది బ్రేకు మీదే.

ఎందుకిలా ఇరుక్కుంటుందో కొంచెం చెప్పాలి. ఈ రాడ్డు రెండు పనులు చేస్తుంది. ఒక కదలిక గేటు మారుస్తుంది: ఒకటి, రెండు ఒక గేటు, మూడు, నాలుగు ఇంకో గేటు. రెండో కదలిక ఆ గేటులో గేరు వేస్తుంది. మధ్యలో ఏ బుష్ లూజున్నా గేటు పూర్తిగా మారకముందే గేరు వెయ్యడానికి చూస్తుంది, రెండింటి మధ్యా ఇరుక్కుంటుంది. మూడు నుంచి రెండుకి వచ్చేటప్పుడే ఇది ఎక్కువగా తగలడానికి కారణం అదే, అక్కడ గేటు దాటాలి.

అన్నీ విప్పి ఆటోనగర్‌లో లేత్ మేస్త్రి ముందు పెట్టాం. రబ్బరు బుష్‌లు అప్పటికే చీలాయి. "కొత్త" పిన్నుకి వెర్నియర్ (మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే పరికరం) పెట్టి చూపించాడు: రెండు చివర్ల దగ్గర ఒక కొలత, మధ్యలో అరమిల్లీ తక్కువ. అంటే ఎన్నో ఏళ్లు ఏదో బండిలో తిరిగి అరిగిన పిన్ను. దాన్ని పాలిష్ పట్టి, మెరుగు పూత వేసి అమ్మారు. స్ప్లిట్ పిన్ (పిన్ను జారిపోకుండా అడ్డంగా దూర్చే సన్న తీగ పిన్ను) దూరే కన్నం గుండ్రంగా లేదు, కోలగా సాగిపోయింది. లింక్ రాడ్డు మీద మందంగా ఉన్న నల్ల రంగుని బ్లేడుతో గీకితే కింద వెల్డింగ్ అతుకు బయటపడింది. పొడవు చాలని రాడ్డుకి ఇంకో ముక్క అతికించారు.

ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదానికి నా ఊహ ఒకటుంది. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ రిజిస్టరైంది 2003 అక్టోబరులో. అక్కడ టాక్సీలకు 20 ఏళ్ల గడువు కాబట్టి 2023 అక్టోబరు చివరికి అన్నీ రోడ్డు దిగాయి. తుక్కుకి వెళ్లిన బండ్ల సామానులో కొంత ఇలా రంగు పూసుకుని తిరిగొస్తోందని నా అనుమానం. పాత సామాను అమ్మడం తప్పేం కాదు, చెన్నై పుదుపేటలో, మన ఆటోనగర్‌లో దర్జాగా పాతదని చెప్పే అమ్ముతారు, ఆ రేటుకే ఇస్తారు. కొత్తదని చెప్పి నాలుగింతలు లాగడం దగ్గరే నా గొడవ.

ఇంకో ముఖ్య విషయం. ఇది నిజంగానే కంపెనీ పాత స్టాక్ అనుకుందాం. పద్మిని తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటుతోంది. ఇనుప సామాను గ్రీజు పూసి దాస్తే అన్నేళ్లూ బాగుంటుంది. రబ్బరు ఉండదు. పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది, పగులుతుంది. కాబట్టి రబ్బరు బుష్ మీద "పాత స్టాక్" అని రాసి ఉంటే దాన్ని గొప్పగా చూడకండి, అది ఎక్స్‌పైరీ డేట్ కింద లెక్క.

డబ్బు వెనక్కి అడిగితే అమ్మినవాడు మొదట "మీ మెకానిక్‌కి ఫిట్టింగ్ రాదు" అన్నాడు. వెర్నియర్ ఫోటోలు పంపాక "వాడిన సామాను వాపసు లేదు" అన్నాడు. ఆ తర్వాత బ్లాక్ చేశాడు. డబ్బు అందాక అతను పంపిన కాగితం మీద జీఎస్టీ నంబరు లేదు, పైన సన్నగా "ఎస్టిమేట్" అని ఉంది. ఇలాంటివాడు తగిలినవాళ్లు ఊరుకోకండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. నేను చాట్లు, ఫోటోలు, చెల్లింపు రసీదు అన్నీ జతచేసి ఫిర్యాదు పెట్టాను.

ఇంతకీ బండి ఎలా బాగైందంటే, అదే లేత్ మేస్త్రి గన్‌మెటల్ (ఒక రకం కంచు), నైలాన్ బుష్‌లు తిప్పి ఇచ్చాడు. పిన్నులు కొత్తగా చేశాడు. కూలీ, సామాను కలిపినా ఆ కిట్టు ధరలో సగం కాలేదు. నైలాన్ మరీ బిర్రుగా పెట్టించకండి, ఇంజన్ వేడికి కాస్త ఉబ్బి రాడ్డు పట్టేస్తుంది. రబ్బరు ఉండాల్సిన చోట అంతా గన్‌మెటల్ పెట్టినా ఇంజన్ అదురు రాడ్డు దాకా వచ్చి చెయ్యి జివ్వుమంటుంది, అక్కడ కొత్తగా పోసిన రబ్బరే వాడండి.

ఎవరి దగ్గర కొన్నా డబ్బు వెయ్యకముందు పిన్ను మధ్యలోనూ చివరా వెర్నియర్ పెట్టిన వీడియో, బుష్‌ని రెండు వేళ్లతో నొక్కిన వీడియో అడగండి. నాకు అమ్మినవాడు పెట్టిన కిట్టు ఫోటోలో పెట్టె కుడి మూల చిరిగి, దాని మీద పసుపు టేపు అడ్డంగా అతికించి ఉంటుంది. అదే ఫోటో మొన్న ఇంకో పేరుతో, ఇంకో నంబరుతో కనిపించింది, ఈసారి రేటు ఇంకో ఐదు వందలు ఎక్కువ.