గేమ్ బాయ్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ యంత్రంగా జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన తొలి గేమ్ బాయ్ మా ఇంట్లో నేటికీ పనిచేస్తోంది. బాబాయి అమెరికా నుంచి తెచ్చిచ్చిన నాటి నుంచి విజయవాడ ఎండల్లోనే వాడుతున్నాను. ఇది ఇంతకాలం నిలిచిందంటే, ఆ ఘనత అట్ట పెట్టె మీద పేరైనా లేని ఇంజనీర్లదేనని నా అభిప్రాయం.

1965లో ఆ సంస్థలో చేరిన గుంపెయ్ యొకోయ్, ఆయన విభాగంలోనే పనిచేసిన సతోరు ఒకాడా దీని రూపకల్పనలో ముఖ్యులు. పాతబడి, చవకబడి, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన విడిభాగాలతోనే కొత్త వస్తువు చేయాలన్నది యొకోయ్ పద్ధతి. ఆయన దీన్ని చవకైన ఆటవస్తువుగానే తలచారని, ఏళ్ల తరబడి కొత్త ఆటలు వేసుకోగల యంత్రం కావాలని తాను పట్టుబట్టానని ఒకాడా తర్వాత చెప్పారు. ఇద్దరి పట్టుదలా ఇందులో కనిపిస్తుంది. అదే ఏడాది వచ్చిన పోటీ యంత్రం అటారీ లింక్స్‌కు రంగుల తెర ఉన్నా, అది ఆరు పెన్సిల్ సెల్స్‌ను నాలుగైదు గంటల్లో తాగేసేది. ఇది నాలుగింటితోనే 10 గంటలకు పైగా నడుస్తుంది.

ఒకసారి నాసిరకం సెల్స్ కారి, స్ప్రింగులకు పచ్చటి చిలుము పట్టింది. బీసెంట్ రోడ్డులోని మెకానిక్ మూడు గాట్ల స్క్రూలకు సరిపడే డ్రైవరు వెతికి, విప్పి, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, "ఇందులో పాడవడానికేముందండీ!" అన్నాడు. రెండు బోర్డులు, మధ్య ఒక రిబ్బన్ కేబుల్, మీటల కింద రబ్బరు పొర, అంతే. యొకోయ్ 1982లో గేమ్ అండ్ వాచ్ అనే నింటెండో చేతి ఆటయంత్రాల కోసం రూపొందించిన ప్లస్ గుర్తు మీట నేటికీ బొటనవేలికి హాయిగా అందుతుంది.

తెర విషయంలో మాత్రం నాకు అసంతృప్తే. వెనుక వెలుగు లేనందున కరెంటు పోయిన రాత్రి ఇది ఎందుకూ పనికిరాదు. వేగంగా కదిలే బొమ్మలు అలుక్కుపోతాయి. మే నెలలో వేడికి తెర నల్లబడితే, ఎడమ పక్కనున్న చక్రాన్ని తిప్పి సరిచేసుకోవాలి. మధ్యాహ్నం వరండాలో అయితే, ఎండ ఎంత ఉంటే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

వెలుగు తప్పనిసరి అనుకునేవారు ఒకాడా బృందం నుంచే 2003లో వచ్చిన, తెరకు వెలుగున్న గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీని, అందులోని రీఛార్జి బ్యాటరీని పరీక్షించి మరీ, తీసుకోవచ్చు. పాత గేమ్ బాయ్ కొనదలిస్తే ముందుగా సెల్స్ గది మూత తీసి చూడండి.