పెసోవాను ఎవరితో మొదలుపెట్టాలి: కయేరుతోనా, కాంపోస్‌తోనా?

పోర్చుగల్‌లో 12వ తరగతి పోర్చుగీసు పాఠాల్లో కవి ఫెర్నాందో పెసోవా (1888–1935) తప్పదు. ఆయన ‘సెన్సేషనిజం’ అనే ధోరణికి పునాది ఒక్కటే: కవితకు ముడిసరుకు అనుభూతి. దాన్ని ఆయన ఊహించి, వాళ్ల పేర్లతోనే కవితలు రాసిన ఇద్దరు కల్పిత కవులు చెరో దారిన తీసుకెళ్లారు.

అల్బెర్తో కయేరు ప్రాథమిక బడి దాటలేదు. అయినా పెసోవా కల్పించిన మిగతా కవులకు గురువు అతనే! ‘మందల కాపరి’ కవితల్లో పువ్వును పువ్వుగా చూడమంటాడు, దానికి అర్థాలు అంటగట్టొద్దంటాడు. చూడటం రావాలంటే నేర్చుకున్నది మరిచిపోవడం నేర్చుకోవాలట. ‘ఈ ప్రతీక దేనికి సంకేతం?’ అనే పరీక్ష ప్రశ్నకు ఇంతకన్నా పెద్ద చిక్కు ఏముంటుంది? భాష తేలిక, పిల్లలు వెంటనే చదివేస్తారు. తేలిగ్గా ఉందని తేలిగ్గా తీసుకునే ప్రమాదమూ ఉంది.

అల్వరు ద కాంపోస్ గ్లాస్గోలో చదివిన నౌకా ఇంజనీరు. 1915లో ‘ఓర్ఫెవ్’ పత్రిక తొలి సంచికలో వచ్చిన అతని ‘విజయ గీతం’ నిండా యంత్రాల మోత, కేకలు, జ్వరం. గట్టిగా చదివితే తరగతి దద్దరిల్లాల్సిందే. అందులో బూతులూ ఉన్నాయి. ఒక పాఠ్యపుస్తకం కొన్ని పంక్తులు తీసేసి చుక్కలు పెట్టిందని 2019లో పోర్చుగల్‌లో గొడవైంది. నన్నడిగితే ఆ చుక్కలే మంచి పాఠం: ఏం తీశారు, ఎందుకు తీశారు?

మొదట కాంపోస్ అంటాను. పదిహేడేళ్ల వాళ్లకు ఆ విసుగు, ఆ ఆవేశం కొత్త కాదు. కయేరు సరళత ఎంత పట్టుబట్టి సాధించుకున్నదో ఆ హోరు విన్నాకే తెలుస్తుంది.