పొగతోటలో వాచ్ యాప్ స్క్రీన్‌షాట్లు చేసిచ్చే స్టూడియో: నా రివ్యూ

స్మార్ట్‌వాచ్ యాప్ తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టబోయేవాళ్లు నెల్లూరు చుట్టుపక్కల ఉంటే, స్టోర్ పేజీలో చూపించే స్క్రీన్‌షాట్ల పని పొగతోటలో ఆసుపత్రుల మధ్య మేడ మీదున్న ఈ చిన్న డిజైన్ స్టూడియోకి ఇవ్వమని చెబుతాను. 5కి 4 మార్కులు. తగ్గించిన ఆ ఒక్క మార్కు గురించి కూడా చెబుతాను.

నాది రొయ్యల రైతుల కోసం చేసిన యాప్. మేత వేశాక చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లెం) ఎప్పుడు ఎత్తి చూడాలో, రాత్రి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఎప్పుడు వేయాలో వాచ్ మీద గుర్తుచేస్తుంది. అల్లూరు దగ్గర మా మామయ్యకు వనామి రొయ్యల గుంటలున్నాయి. గుంట గట్టు మీద ఉన్నప్పుడు ఆయన చేతులు తడిగా ఉంటాయి, ఫోన్ షెడ్డులో ఉంటుంది. మణికట్టు తిప్పి ఒక్క చూపు చూస్తే పనేంటో తెలియాలి.

ఫైళ్లు తెరవకముందే స్టూడియో అమ్మాయి, "అక్కా, ఇది చూసే మనిషి ఆ టైములో ఏం చేస్తుంటాడు?" అని అడిగింది. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. నేను చెప్పింది విని, '2వ గుంట, చెక్ ట్రే చూడండి' అన్న తెరను మొదటి బొమ్మగా పెట్టింది. సెట్టింగ్స్ తెరలన్నీ తీసేసింది. యాప్ కొనేవాడికి వాటితో పనేముంది?

వేర్ ఓఎస్ (స్మార్ట్‌వాచ్‌ల కోసం గూగుల్ చేసిన సాఫ్ట్‌వేర్) స్క్రీన్‌షాట్లకు గూగుల్ ప్లే పెట్టిన నియమాలు వీళ్లకు బాగా తెలుసు. బొమ్మ చదరంగా ఉండాలి, కనీసం 384×384 పిక్సెళ్లు. అందులో యాప్ తెర ఒక్కటే కనిపించాలి. చుట్టూ వాచ్ బొమ్మ, పక్కన ప్రచార వాక్యాలు, వెనకాల రంగులు పెట్టకూడదు. బయట చాలామంది డిజైనర్లు పెళ్లి ఆల్బం లాగా ముస్తాబు చేసి ఇస్తారు. మెరిసే వాచ్ కనిపిస్తుంది, అందులో అక్షరాలు మాత్రం చదవలేం. స్టోర్‌లో బొమ్మ అసలే చిన్నగా కనబడుతుంది, దాన్ని వాచ్ బొమ్మలో ఇరికిస్తే ఇంకేం మిగులుతుంది? మనలాంటి చిన్న యాప్‌లకు ఈ నియమం మంచిదే. ఖరీదైన డిజైన్ లేకపోయినా పెద్ద కంపెనీ యాప్ పక్కన మన తెర సమానంగా నిలబడుతుంది.

బొమ్మలు నిజమైన వాచ్ నుంచే తీశారు. వాచ్ గుండ్రటిదైనా ఫైలు చదరంగానే వస్తుంది, మూలలు నల్లగా ఉంటాయి. వాటిని కోసి పారదర్శకం చేయకుండా అలాగే ఉంచారు, అదే సరైన పద్ధతి.

వీళ్ల పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది తెలుగు అక్షరాల మీద పెట్టిన శ్రద్ధ. మన గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల ఎడంలో తెలుగు పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. పైగా గుండ్రటి తెరలో పైనా కిందా చోటు తక్కువ, పొడుగు మాటలు అంచున తెగిపోతాయి. 'ఏరియేటర్లు ఆన్ చేయండి' అన్న వాక్యం సరిగ్గా అక్కడే తెగింది. బొమ్మలో దిద్ది దాచేయకుండా, "యాప్‌లోనే మార్చండక్కా, అప్పుడు మళ్లీ తీద్దాం" అన్నారు. వాక్యాన్ని రెండు వరుసలు చేసి, ఎడం పెంచి, మధ్యకు తెచ్చాను. ఇప్పుడు స్టోర్‌లో కనిపించేదీ మామయ్య చేతి మీద కనిపించేదీ ఒకటే. తెలుగు పేజీకి తెలుగు బొమ్మలు, ఇంగ్లీషు పేజీకి ఇంగ్లీషు బొమ్మలు విడిగా ఇచ్చారు. ప్లే స్టోర్‌లో అలా భాషకొక సెట్ పెట్టుకోవచ్చు.

తెరల్లో కనిపించే నమూనా వివరాలు కూడా ఆలోచించి పెట్టారు. ఖాళీ తెర ఒక్కటీ లేదు. రైతుల పేర్లు రాకుండా గుంటల నంబర్లే వాడారు.

ఇక ఆ తగ్గిన మార్కు సంగతి. స్క్రీన్‌షాట్లు కాక ప్లే స్టోర్‌కి విడిగా ఇచ్చే 1024×500 ప్రచార బొమ్మ (ఫీచర్ గ్రాఫిక్) నాకు నచ్చలేదు. నిండా రొయ్యలే, చూస్తే మేత కంపెనీ ప్రకటన అనుకుంటారు. మార్చమంటే మార్చారు గానీ విసుగు చూపించారు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తరు, సాయంత్రం నేరుగా వెళ్లడమే నయం. యాపిల్ వాచ్‌కి కూడా కావాలంటే ముందే చెప్పండి. అక్కడ తెర నిలువుగా ఉంటుంది, మొదటి అల్ట్రా, అల్ట్రా 2 వాచ్‌ల సైజు 410×502. గుండ్రటి బొమ్మను సాగదీస్తే పనికిరాదు కాబట్టి దాన్ని వేరే పనిగా లెక్కేస్తారు.

సగం డబ్బు ముందే ఇవ్వాలి. పీఎన్‌జీ ఫైళ్లతో పాటు దిద్దుకోవడానికి వీలయ్యే అసలు ఫైలు కూడా అడగండి. అడిగితే ఇస్తారు, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.