జాగ్రత్త: కోడ్ ఏమీ రాలేదన్నాడు, చెరిపేసింది తనే

పికప్ ట్రక్కులో క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే బండిని ఒకే స్పీడులో నడిపే ఏర్పాటు) సరిగ్గా పనిచేయడం లేదని ఆ ఆటో ఎలక్ట్రికల్ షాపుకి బయలుదేరుతున్నవాళ్లు కాస్త ఆగండి. ఏ షాపో వేరే చెప్పక్కర్లేదు. "స్కానర్ పెడితే చాలు సార్, బండే అన్నీ చెప్తుంది" అనే మహానుభావుడు ఒక్కడే ఉన్నాడు.

నా గొడవ ఇది. క్రూజ్ సెట్ చేస్తే పట్టుకుంటుంది, కాసేపటికి దానంతటదే కట్ అయిపోతుంది. మళ్లీ నొక్కితే ఒక్కోసారి తీసుకుంటుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. గతుకుల్లో మరీ ఎక్కువ. ఇదంతా చెబుతుండగానే ఆయన, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించి, ఏవో బటన్లు నొక్కి, "కోడ్ ఏమీ రాలేదు సార్. క్లాక్ స్ప్రింగ్ పోయింది" అని తేల్చేశాడు.

క్లాక్ స్ప్రింగ్ అంటే స్టీరింగ్ వెనకాల చుట్టలా ఉండే సన్నటి రిబ్బన్ కేబుల్. స్టీరింగ్ ఎటు తిప్పినా హారన్‌కి, ఎయిర్‌బ్యాగ్‌కి, క్రూజ్ లాంటి అక్కడి బటన్లకి కనెక్షన్ తెగకుండా చూసేది అదే. అది పాడవుతుంటే తేడా ఎక్కువగా మలుపుల్లో తెలుస్తుంది. చాలాసార్లు హారన్ మూగబోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. నా బండిలో హారన్ భేషుగ్గా మోగుతోంది, ఏ లైటూ లేదు, క్రూజ్ కట్ అయ్యేదేమో తిన్నగా పోతున్నప్పుడు. ఆ మాటే అన్నాను. "మెకానిక్ మీరా, నేనా?" అని నవ్వాడు. అప్పుడే తాళాలు తీసుకుని వచ్చేయాల్సింది. మొహమాటం!

పార్టు మార్చారు, బిల్లు కట్టాను, తిరుగు దారిలోనే క్రూజ్ మళ్లీ కట్. వెనక్కి వెళ్తే "అది వేరే ప్రాబ్లం సార్, ఇప్పుడు ఈసీఎం చూడాలి" అంటాడు, అంటే ఇంజన్ కంప్యూటర్. నేను పట్టుకొచ్చిందే ఒక్క ప్రాబ్లం, అందులో వేరేది ఎక్కణ్ణుంచి వచ్చింది? సరే, తీసిన పాత పార్టు ఇవ్వమన్నాను. "ఏం చేసుకుంటారు, షోకేసులో పెట్టుకుంటారా?" పక్కనున్న కుర్రాళ్లంతా పకపకా నవ్వారు.

అసలు ఒళ్లు మండింది ఇంటికొచ్చాక. బిల్లుతో పాటు ఆయనే నా ఫోన్‌కి పంపిన స్కాన్ రిపోర్టు తెరిచాను. మొదటి పేజీలోనే పీ0504 కోడ్, పక్కన బ్రేక్ స్విచ్ అని స్పష్టంగా ఉంది. కింద "కోడ్స్ క్లియర్డ్" అని, టైముతో సహా. ఆ టైము నాతో "కోడ్ ఏమీ రాలేదు" అనడానికి కాస్త ముందుది. అంటే నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగానే చెరిపేశాడు! చదివి దాచాడా, చదవకుండానే చెరిపాడా? ఆయన గౌరవం నిలబడాలంటే ఏది నమ్మాలో మీరే చెప్పండి. మర్నాడు తీసుకెళ్లి చూపిస్తే "అలాంటివి అన్ని బండ్లకీ వస్తాయి సార్" అని నా ఫోన్‌ని కౌంటర్ మీద పడేసి వేరే కస్టమర్ వైపు తిరిగిపోయాడు.

పీ0504 అంటే ఏమిటో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. బ్రేక్ పెడల్ పైన ఉండే స్విచ్‌లో రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి బ్రేక్ లైట్లకి, రెండోది క్రూజ్ ఆపడానికి. ఆ రెండిటి మాటా కలవకపోతే వచ్చే కోడ్ ఇది. బ్రేక్ తొక్కారేమోనన్న అనుమానం వస్తే చాలు, కంప్యూటర్ క్రూజ్ వదిలేస్తుంది. స్విచ్ అరిగినా, దాని సెట్టింగ్ కాస్త జరిగినా ప్రతి గతుక్కీ ఇదే తంతు. స్కానర్‌లో లైవ్ డేటా (స్విచ్ ఆ క్షణంలో ఏం చెప్తోందో చూపించే స్క్రీన్) పెట్టి, పెడల్‌ని వేలితో మెల్లగా కదిపితే దొరికిపోయేది. వేరేచోట స్విచ్ మార్పించాను, క్రూజ్ ఇప్పుడు కట్ అవడం లేదు. పైగా ఇది సుఖానికి సంబంధించిన గొడవ ఒక్కటే కాదు. ఇదే స్విచ్ పాడైతే బ్రేక్ లైట్లు వెలగకపోవచ్చు కూడా. క్రూజ్ ఆపే స్విచ్‌లోనే ఇంకో రకం, బ్రేక్ ఫ్లూయిడ్ ప్రెజర్‌తో పనిచేసేది, ఫ్లూయిడ్ లోపలికి కారి మంటలు లేచే ప్రమాదముందని అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 పికప్‌లతో సహా 2009 నాటికి సుమారు 1.4 కోట్ల బండ్లను రీకాల్ చేసింది, అంటే బాగుచేయడానికి వెనక్కి పిలిచింది. నా బండిలోది ఆ రకం కాదు కానీ, "చిన్న స్విచ్చే కదా" అనేవాళ్ల కోసం చెప్తున్నా.

ఇక మీరు చేయాల్సింది: కోడ్ చెరపకముందే స్కానర్ స్క్రీన్ ఫోటో తీసుకోండి. పాత పార్టు తిరిగి ఇవ్వాలని ముందే రాయించుకోండి. వెనక లైట్లకి ఎల్ఈడీ బల్బులు వేయించాక క్రూజ్ పోయిందా, ముందు పాత బల్బులు పెట్టి చూడండి, కొన్ని పాత మోడళ్లలో అదే కారణం.

అన్నట్టు, నా బండిలోంచి తీసిన క్లాక్ స్ప్రింగ్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. నిక్షేపంలా ఉంది, హారన్ కూడా మోగించేది. అక్కడ ఎవరికైనా "కొత్తది" అంటూ బిగించబోతే ముందు చేతిలోకి తీసుకుని చూడండి. కొత్త దానికి సాధారణంగా తిరగకుండా పట్టి ఉంచే లాక్ ఉంటుంది. అది లేకపోతే నాదే అయ్యుంటుంది.