ఉప్పు నేలల విత్తన శుద్ధి ప్యాకెట్లు: మినుముకు కొనొచ్చు, కలపడం తెలిస్తేనే

గుంటూరు విత్తనాల కొట్లలో ‘ఉప్పునూ ఎండనూ తట్టుకుంటుంది’ అని అమ్మే బాక్టీరియా పొడి రేపల్లె, నిజాంపట్నం వైపు మినుము రైతులకు పనికొచ్చే సరుకే. కాకపోతే దాని సాయమంతా మొలక దశలోనే. ఉప్పు తగిలిన లేత మొక్కలో ఇథిలీన్ అనే వాయువు పెరిగి వేరు సాగడం ఆగిపోతుంది. మంచి రకం బాక్టీరియా ఆ ఇథిలీన్‌గా మారే పదార్థాన్ని ముందే తినేస్తుంది కాబట్టి వేరు కిందికి దిగుతుంది. నేలలో ఉప్పు మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది.

కొనేటప్పుడు గడువు తేదీ, బాక్టీరియా కణాల లెక్క చూడండి. గ్రాము పొడిలో 5 కోట్లకు తగ్గకూడదు. తేదీ బాగున్నా, ఏప్రిల్ ఎండల్లో రేకుల కొట్లో అటక మీద మగ్గిన ప్యాకెట్ వద్దు. బాక్టీరియా చచ్చిన పొడి కంటికి తేడాగా కనపడదు.

ఎక్కువగా చెడేది కలిపే దగ్గరే. 10 కిలోల మినుములకు 300 మి.లీ. నీళ్లలో 30 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాక విత్తనానికి పట్టించాలి. ఆపైన 200 గ్రాముల పొడి చల్లి కలియతిప్పితే గింజ గింజకూ పల్చటి పూత పట్టాలి. టబ్బు అడుగున నీళ్లు నిలిచాయా, ఎక్కువైనట్టే. అప్పుడు మినుము పొట్టు ముడతలు పడి, వేళ్ల మధ్య నలిపితే బద్దలు విడిపోతాయి. అలాంటి గింజ మొలవదు. నీడన ఆరబెట్టి అదే రోజు విత్తేయాలి.

తెగులు మందు, ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగు మందు పట్టించేది ఉంటే ముందురోజే కానివ్వండి, బాక్టీరియా ఎప్పుడూ చివరనే. రాగి (కాపర్) ఉన్న తెగులు మందుతో కలిపితే ప్యాకెట్ డబ్బులు పోయినట్టే.

నాట్లు లేకుండా నేరుగా విత్తే వెద వరికి మాత్రం ఇంత ఖర్చు అక్కర్లేదు. 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు కరిగించి, 10 కిలోల వడ్లు 16 గంటలు నానబెట్టి నీడన ఆరబెట్టుకుంటే చాలు. మొలక త్వరగా, ఒకే ఈడులో వస్తుంది. పది రూపాయలు కూడా కాదు.

ఎండాకాలం మినుములో పూత రాలడాన్ని ఈ ప్యాకెట్ ఆపుతుందని చెబితే నమ్మొద్దు. విత్తనానికి పట్టించిన పొడి ప్రభావం అప్పటిదాకా నిలవదు. నేల పరీక్షలో ఉప్పు మోతాదు చెప్పే ఇ.సి. 4 దాటితే అక్కడ మినుమే వద్దు. పి.హెచ్. 8.5 దాటిన చౌడైతే ముందు జిప్సం సంగతి చూడాలి.

మొదటిసారి కొన్నవాళ్లు 5 సెంట్లలో ఈ పొడి పట్టించని విత్తనం చల్లండి. 15వ రోజున రెండు చోట్లా పదేసి మొక్కలు తవ్వి తీసి, వేళ్లు కడిగి, గోనెపట్టా మీద పక్కపక్కన పరిచి చూసుకోండి.