ఒకే చేయి, రెండు నరాల పరీక్షలు

ముప్పై ఏళ్లుగా వీణ చెబుతున్నాను. ఈ వేసవిలో కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారడం మొదలైంది. మీటు పడిందని చెవికి తెలుస్తోంది గాని వేలికి తెలియడం లేదు. విచిత్రం ఏమిటంటే చిటికెన వేలు శుభ్రంగా ఉంది, తాళం తీగలు ఎప్పటిలాగే పలుకుతున్నాయి. అర్ధరాత్రి లేచి కూర్చుని చేయి విదిలించుకోవడం అలవాటైపోయింది.

ఈ చిటికెన వేలి సంగతి వినగానే డాక్టరు గారు నవ్వి, "సగం రోగం మీరే చెప్పేశారమ్మా" అన్నారు. బొటన, చూపుడు, మధ్య వేళ్లకూ ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది మీడియన్ నాడి. చిటికెన వేలిది అల్నార్ నాడి, దాని దారి వేరు. మీడియన్ నాడి మణికట్టు దగ్గర తొమ్మిది స్నాయువులతో (కండను ఎముకకు కట్టే తాళ్లలాంటివి) కలిసి ఒక ఇరుకు సందులోంచి వెళుతుంది. అక్కడ నలుగుతోందేమో చూడాలని నెర్వ్ కండక్షన్ స్టడీ రాశారు.

ఇంట్లో "నరాల పరీక్ష" అని చెబితే మా అమ్మ, "రక్తం ఎంత తీస్తారట?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. మనకు చేతి మీద నీలంగా కనిపించే రక్తనాళమూ నరమే, మెడ దగ్గర పట్టేసేదీ నరమే, మెదడు నుంచి వచ్చేదీ నరమే. పోనీ పుస్తకాల్లోలా నాడి అందామంటే, నాడి చూడటం అంటే మణికట్టు పట్టుకుని గుండె లెక్క చూడటం. ఈ పరీక్షలో రక్తం తీయరు. చర్మం మీద చిన్న విద్యుత్ ఘాతం ఇచ్చి, ఆ కబురు నాడిలో ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు.

నేను రెండు చోట్ల చేయించుకోవలసి వచ్చింది. పేర్లు రాయను, మొదటిదాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

అక్కడ ఏసీ గదిలో ముప్పావు గంట కూర్చోబెట్టారు. చేతులు మంచుగడ్డలయ్యాయి. లోపల ఉన్నాయన పలకరింపైనా లేకుండా రెండు చేతులకూ రెండు కాళ్లకూ తీగలు అంటించి, ఇరవై నిమిషాల్లో ముగించాడు. నా వైపు ఒక తప్పు ఉంది, అలవాటు కొద్దీ వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని వెళ్లాను. పట్టీలు జారిపోతుంటే ఆయన విసుక్కున్నాడు. ఆ విసుగు వరకు న్యాయమే. సాయంత్రం ఇచ్చిన రిపోర్టులో మాత్రం కాళ్లూ చేతులూ అన్నింటి నాడులూ మందగించాయని ఉంది. నాకు షుగరు లేదు. ఆ రాత్రి నిద్రా లేదు.

డాక్టరు గారు ఆ కాగితం చూసి, "చేయి వేడిగా ఉందో లేదో చూశారా?" అని ఒకటే అడిగారు. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడితే నాడి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు పడిపోతుందట. మంచి జబ్బే, ఏసీకి వచ్చిన జబ్బు!

రెండో చోట ఒక కుర్రవాడు. చేయి ముట్టుకోగానే, "చల్లగా ఉందమ్మా, ముందు వెచ్చబెడదాం" అని గోరువెచ్చటి నీళ్ల బేసిన్ పెట్టాడు. థర్మామీటరు 32 డిగ్రీలు దాటాకే పని మొదలుపెట్టాడు. బొటనవేలి కింది కండ మీద ఒక పట్టీ అంటించి, మణికట్టు దగ్గర ఘాతం ఇచ్చాడు. నా బొటనవేలు నన్ను అడగకుండానే ఎగిరింది! మెదడుకు ఇందులో ప్రమేయమే లేదు. నొప్పి అనలేను, మోచేయి గోడకు తగిలినప్పటి జివ్వుమనడం, అంతే.

తర్వాత మోచేయి మడత దగ్గర ఇంకొకటి. రెండు చోట్ల ఎందుకని అడిగాను. నాడి చివర కబురు విద్యుత్తుగా కండరంలోకి దూకదు. అక్కడ అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, సందు దాటి కండరాన్ని లేపాలి. దానికి కొంత సమయం పోతుంది. మోచేతి కాలంలోంచి మణికట్టు కాలం తీసేస్తే ఆ ఆలస్యం కొట్టుకుపోయి, నాడిలో ప్రయాణించిన కాలం ఒక్కటే మిగులుతుంది. టేపుతో కొలిస్తే దూరం 22 సెంటీమీటర్లు, కాలం తేడా 4 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 55 మీటర్లు, గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. చల్లటి గదిలో ఇదే నాడి 45 చూపించింది. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నాడి మీద వేగం కట్టింది కూడా ఇలా రెండు చోట్ల ఉద్దీపన ఇచ్చేనని తర్వాత చదివాను.

మోచేయి నుంచి మణికట్టు దాకా బాగున్న నాడి మణికట్టు దాటడానికి మాత్రం తంటాలు పడుతోంది. మణికట్టు దగ్గరి ఘాతం బొటనవేలి కండకు చేరే కాలం ఆ ల్యాబు లెక్కలో 4.4 మిల్లీసెకన్లు దాటకూడదు, నాకు 5.6 వచ్చింది. నాడీతంతువు మీద మయలిన్ అనే కొవ్వు తొడుగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కబురు ఆ ముక్కల మధ్య ఖాళీల్లో ఒకదాని నుంచి ఇంకొకదానికి గెంతుతూ పోతుంది, అందుకే అంత వేగం. నలిగిన చోట తొడుగు దెబ్బతింటే గెంతు తడబడుతుంది. తెర మీద కండ స్పందనను చూపే అల ఎత్తు తగ్గలేదు కాబట్టి లోపలి తంతువులు బతికే ఉన్నాయని డాక్టరు గారు చెప్పారు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే నాదం తగ్గలేదు, లయ వెనకబడింది. కండలో సూది గుచ్చి చూసే పరీక్ష అక్కర్లేదన్నారు. రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ కట్టుకుని పడుకుంటున్నాను.

ఒక మాట, ఈ పరీక్ష లావుపాటి, వేగమైన తంతువులనే పట్టుకుంటుంది. మంటను, మందకొడి నొప్పిని మోసే సన్నటి వాటికి మయలిన్ తొడుగు లేదు, అవి సెకనుకు మీటరో రెండు మీటర్లో పోతాయి, ఈ తెర మీదికి రావు. కాబట్టి అరికాళ్ల మంటలతో వెళ్లి, రిపోర్టు బాగుందని వస్తే, "అంతా మీ భ్రమ" అన్నవారి మాట నమ్మకండి.

వెళ్లేవారు గాజులు, ఉంగరాలు తీసేయండి, నూనె రాసుకోకండి, వదులు చేతుల జాకెట్టు వేసుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. చేయి చల్లగా ఉంటే మీరే అడిగి వెచ్చబెట్టించుకోండి.

మొదటి చోటుకు ఒక నక్షత్రం, అది కూడా నా కొబ్బరినూనె భరించినందుకు. రెండో చోటుకు నాలుగు. అయిదోది ఆపింది తువ్వాలు గురించి. బేసిన్ అంత శ్రద్ధగా పెట్టినవారు అందరికీ ఒకే తువ్వాలు వేలాడదీశారు, నేను చీర కొంగుతో తుడుచుకున్నాను.